క్రొత్త బండికి పాత చీరల బొంత



శూద్రకకవి రచించిన మృచ్ఛకటికమున ఒక చిన్న మఱపు కలదు. చారుదత్తుని బండివాడగు వర్ధమానకుడు వసంతసేన కొఱకు బండిని ద్వారము కడకు తెచ్చి, బండిలో పఱచు ఆస్తరణమును మఱచితినని జ్ఞప్తికి రాగా, దానిని తెచ్చుటకు బండితో సహా వెనుకకు మఱలును. అంతలో శకారుని బండి వచ్చి ఆ వాకిటనే నిలుచును. వసంతసేన అది తన కొఱకు వచ్చిన బండియే యనుకొని యెక్కును. తరువాత ఆమె ప్రాణముల మీదికే వచ్చును. బాల్యమున మా తండ్రిగారు ఈ కథ చెప్పినపుడు, పఱచుకొను గుడ్డ కొఱకు ఇంత ముప్పు వచ్చునా యని మేము నవ్వితిమి. ఈ సంవత్సరము మా యింట జరిగిన దానిని తలచుకొన్నచో ఇపుడంత నవ్వు రాదు.

2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి చిన్న కార్ల మీది పన్ను 18 శాతమునకు తగ్గినది. అదే అదనుగా మా వారు, పాఠశాల జీతము మీద అప్పు తీసికొని, విజయదశమికి ఒక చిన్న కారు కొనిరి. దాని సీట్లు బూడిద వర్ణపు బట్టతో చేయబడినవి. అమ్మకపు అంగడివారు మమ్ములను కూర్చుండబెట్టి, రెక్సిను తొడుగులకు 8,500 రూపాయలును, బట్టపై చల్లెడి రక్షణ ద్రవమునకు వేఱొక మొత్తమును చెప్పిరి. ఆ చల్లెడి మందు లేకున్నచో సీట్లు ఒక సంవత్సరములో పాడగునని భయపెట్టిరి కూడ. మొదటి వాయిదా కట్టక పూర్వమే ఇంత వ్యయమా యని మా వారు నా ముఖము చూచిరి. రెండును వలదని చెప్పి యింటికి వచ్చితిమి. దుకాణమునుండి వచ్చిన పాలిథిను సంచులు సీట్లకు ఉండనే యున్నవి గదా, అవే కాపాడునని మా ధైర్యము.

ఈ పాలిథిను సంగతి ముందుగా చెప్పవలెను. మన ఊళ్లలో క్రొత్త బండి సీట్లపై ఆ తొడుగులు చినిగి వ్రేలాడువఱకు ఉంచుట గౌరవమని తలచువారు పెక్కుమంది. క్రొత్తదనము చాటుటకు తప్ప అది మఱి దేనికిని పనికిరాదు. దాని క్రింద చెమట, తేమ చేరి బయటికి పోవు త్రోవ లేక బట్టకు బూజు వాసన పట్టును. కూర్చున్నవారి చీర జాఱును. మలుపు తిరిగినపుడు మనిషియే జాఱును. మా పల్నాటి యెండలో అది ఒంటికి అంటుకొను తీరు వర్ణింపనక్కఱలేదు. మేమును మూడు వారములు దానిని ఉంచినవారమే. పిల్లలు దానిని గిల్లి చప్పుడు చేసినచో కోపపడినవారమే.

కార్తికమున శ్రీశైలమునకు బయలుదేఱితిమి. మా అత్తగారు వెనుక సీటులో కూర్చుండి, "అమ్మాయీ, ఈ కాగితం ఒళ్ళంతా అంటుకుంటోంది, తీసేయరాదటే" అనిరి. ఆమె మాట కాదనలేక వెనుక సీటు తొడుగు మాత్రము తీసివేసితిమి. దోర్నాల దాటిన పిమ్మట ఆ ఘాటు మార్గపు మలుపులు ఎఱిగినవారికి తెలియును. ఆమె ఉదయమున పులిహోర తినియుండిరి. సగము ఘాటులో, బండి నిలుపుడని చెప్పులోపలనే వాంతి అయినది.

అపుడు మేము మొదట చూచినది ఆమె ముఖము కాదు, సీటును. ఒక్క క్షణము మాత్రమే. ఆ క్షణమును ఆమె చూచిరి. వెంటనే తన కొంగుతో సీటు తుడువ నారంభించి, "నేనే తీయించాను, నాదే పాడుబుద్ధి" అని పలుమాఱు లనిరి. ఆ తుడుపుతో పసుపు బట్టలోనికి మఱింత దిగినది. శ్రీశైలమున ఒక కుళాయి కడ మా వారు సబ్బు రాచి రుద్దగా పచ్చని మచ్చ ఎఱ్ఱనైనది! "రక్తమా?" అని పిల్లవాడు భయపడెను.

రక్తము కాదు, పారాణి. పసుపులో సున్నము కలిపినచో ఎఱుపు వచ్చునని మనకు పుట్టినది మొదలు తెలిసినదే. సబ్బులోని క్షారము సున్నము చేయు పనియే చేసినది. నిమ్మరసపు నీరు తగిలినచో మరల పసుపు వర్ణము వచ్చును, కాని మచ్చ పోదు. పసుపు మచ్చకు శత్రువు ఎండ. తడి చేయక మునుపు పొడి పసుపును, కుంకుమను మెత్తని కుంచెతో దులిపి, మిగిలిన చాయను ఎండ తగులునట్లుంచవలెను. వాహన పూజ నాడు బండి లోపల చల్లిన పసుపు కుంకుమలకును ఇదియే మార్గము. పొడిగా ఉన్నపుడు ఊడ్చుట, నీటి చేయి తగులనీయకుండుట. మా సీటు మీది మచ్చ ఇరువది దినములలో, తలుపు తెఱచి ఉదయపు టెండ పడునట్లు నిలిపినందున, చాలవఱకు వెలిసినది. అయితే ఎండకు మచ్చయొకటే వెలియదు, బట్ట రంగును వెలియును. అది మఱి కొంతసేపటికి చెప్పెదము.

వాంతికి, పాలకు, రక్తమునకు సంబంధించిన నియమ మొక్కటే: వేడినీరు వలదు. వీనిలో మాంసకృత్తులుండును. కాచిన పాలు విఱిగినట్లు వేడికి అవి గడ్డకట్టి నూలుపోగులను పట్టుకొనును. మొదట గట్టి పదార్థమును చెంచాతో, వెలుపలి నుండి నడిమికి, గీకి తీయవలెను. కొంగుతో తుడిచినచో లోనికి నెట్టినట్లే. పిమ్మట చన్నీటిలో ముంచి పిండిన గుడ్డతో అద్దుచు, గుడ్డను మార్చుచు, అద్దుచుండవలెను. రుద్దరాదు. బట్టలుతుకు ద్రవము రెండు చుక్కలు చెంబెడు చన్నీటిలో చాలును. ఆఱిన తరువాత తినుసోడాను పలుచగా చల్లి రాత్రియంతయు ఉంచి తెల్లవాఱి దులుపవలెను. పుల్లని వాసనను అది విఱుచును.

నీరు ఎక్కువ పోయకుండుట అన్నిటికంటె ముఖ్యము. సీటు బట్ట సాధారణముగా పాలియెస్టరు; అది త్వరగా ఆఱును. దాని క్రింద స్పాంజి ఉండును. అది నీరు త్రాగి దినముల తరబడి దాచుకొనును. పైన ఆఱినదని తలుపులు మూసితిమా, లోపల ముక్కవాసన సిద్ధము. మా వారు బకెట్టుతో కడిగిన పాపమునకు వారము దినములు నాలుగు తలుపులు తెఱచి కాపలా కాచితిమి. వీధి కుక్క యొకటి లోన పండుకొన వచ్చెను.

ఇపుడు అసలు సంగతికి వచ్చెదము. శ్రీశైలమునుండి వచ్చిన తరువాత మా అత్తగారు కారెక్కుట మానివేసిరి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నెలకొకసారి గుంటూరు వైద్యుని కడకు పోవలెను. ఆ పని కొఱకే, నిజము చెప్పవలెనన్న, ఆ కారు కొన్నది. ఆ నెల బయలుదేఱునపుడు ఆమె, "ఎందుకు, మాకు బస్సు ఉచితమే కదా, హాయిగా పోతాను" అనిరి. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైన మాట నిజమే. ఆ మోకాళ్లతో బస్సు మెట్లెక్కి, కిక్కిరిసినపుడు కడ్డీ పట్టుకొని నిలుచుట హాయి యని ఆమెయు అనుకొనరు. మా వారు బ్రతిమాలిరి. ఆమె వినలేదు. "నాకు కారు పడదురా, తల తిరుగుతుంది" అని కొడుకుతో అనిరి. నాతో ఏమియు అనలేదు. కారణము నాకు తెలియునని ఆమెకును తెలియును.

వాకిట క్రొత్త బండియు, బస్సులో అత్తగారును! ఇరుగుపొరుగు వారు ఏమందురో యను మాట అటుంచుడు. ఆ సాయంకాలము ఆమె బస్సు దిగి గోడ పట్టుకొని వచ్చుట చూచినపుడు, 8,500 రూపాయల తొడుగులు కొన్నచో ఇది జరుగకుండెడిదేమో యనిపించినది. మఱునాడు పోయి రెక్సిను తొడుగులను చేతితో పట్టి చూచితిమి. కడుగుటకు సులభమే; అది వాని గుణము. కాని వేసవిలో కాలును, గాలి ఆడదు, చెమట పట్టును. ముసలివారి చర్మమునకు అది సుఖము కాదు. అంతేగాక మేము చూచిన తొడుగులు సీటును నలుప్రక్కల బిగించి కుట్టినవి. ముందు సీట్ల ప్రక్క అంచున ఎయిర్‌బ్యాగు చీటీ కుట్టియున్న బండ్లలో ఇది అపాయకరము: ప్రమాద సమయమున గాలిసంచి ఆ ప్రక్క నుండియే తెఱచుకొని రావలెను. గట్టి తొడుగు దానిని అడ్డగించును. ఆ భాగమును విడిచి కుట్టినవి గాని, అచ్చట తేలికగా విడిపోవు కుట్టు వేసినవి గాని అడిగి తీసికొనవలెను. ఈ మాట మాకు అమ్మువాడు చెప్పలేదు. బండితో వచ్చిన పుస్తకము చదివి తెలిసికొంటిమి. ఆ పుస్తకమును మగవారు చదువరు, మనము చదువవలెను.

చల్లెడి రక్షణ ద్రవము సంగతి కూడ విచారించితిమి. దాని పూర్వకథ ఆడువారికి వినదగినది. అమెరికాలో 3ఎం సంస్థ ప్రయోగశాలలో పాట్సీ షెర్మన్ అను రసాయన శాస్త్రవేత్త, సామ్యూల్ స్మిత్ అను సహోద్యోగితో కలసి పనిచేయుచుండగా, ఒక రబ్బరు ద్రవము ఒకరి కాన్వాసు జోడుపై ఒలికినది. ఆ చోట నీరు గాని నూనె గాని అంటలేదు. దానినుండి పుట్టిన స్కాచ్‌గార్డు 1956లో అమ్మకమునకు వచ్చినది. బట్టపై నీరు తామరాకు మీది నీటివలె దొరలిపోవుట అందుచేతనే. కాని దానిలో వాడిన పెర్‌ఫ్లోరో వర్గపు రసాయనము మట్టిలో, నీటిలో, మనుష్యుల నెత్తుటిలో నశింపక నిలుచునని తెలిసి, 2000లో ఆ సంస్థయే దానిని మానుచున్నట్లు ప్రకటించినది. 2009లో స్టాక్‌హోము ఒడంబడికలో అది చేర్పబడినది. నేడు దొరకునవి వేఱు రకములు. ఏ రకమైనను కూర్చుండగా, ఉతుకగా తరిగిపోవును. మరల మరల చల్లవలెను. ఒకసారి చల్లి జన్మాంతము నిలుచునని చెప్పువాని మాట నమ్మి వేలు పోయనేల?

ఈ విచారములో ఉండగా ఒక మధ్యాహ్నము మా అత్తగారు తన పెట్టె తెఱచి రెండు పాత నూలు చీరలను నా ముందు పెట్టిరి. "బొంత కుడదామా?" అనిరి. అంతకు మించి ఏమియు లేదు. మేమును ఏమియు అడుగలేదు.

బొంత కుట్టుట మనకు నేర్పనక్కఱలేదు గాని, కారు సీటు కొలతలు వేఱు గనుక చెప్పెదము. మా బండి వెనుక సీటు వెడల్పు సుమారు 48 అంగుళములు. కూర్చుండు భాగము 20, వీపు భాగము 24. ముందునకు వ్రేలాడుటకు 8, రెండింటి నడిమి సందులో దూర్చుటకు 8. అంతయు 60 అంగుళములు. ఆరు గజముల చీర 216 అంగుళములు గదా. మూడు మడతలకు 180 పోగా 36 మిగులును. చీర వెడల్పు 45 అంగుళములు. సీటు వెడల్పునకు ఇంచుమించు సరిపోవును. ఇట్లు ఒక చీరతో మూడు పొరలు, రెండవ చీరలో మంచి భాగముతో పైపొర. నాలుగు పొరలు చాలును. అంతకు మించినచో ఉతికిన తరువాత ఆఱదు.

చీర రంగు విడుచునేమో ముందు చూచుకొనవలెను. తెల్లని గుడ్డను తడిపి గట్టిగా రుద్దినపుడు దానికి రంగంటినచో, ఆ చీరను నీరు తేటయగువఱకు ఉదికిన పిదపనే వాడుట. లేకున్నచో సీటును కాపాడుటకు వేసిన బొంతయే సీటుకు రంగు పూయును. కొన్ని పర్యాయములు ఉదికినను రంగు విడుచునవి దుమ్ము గుడ్డలకు పోవలసినవే.

సందులో నిలుచుటకు ఒక ఉపాయము. బొంత నడుమ అడ్డముగా ఒక సంచి కుట్టి, దినపత్రికను గట్టిగా కఱ్ఱవలె చుట్టి (మా పత్రికను కాదు సుమా) అందులో దూర్చి సందులోనికి నొక్కినచో బొంత జాఱదు. ఉదుకునపుడు తీసివేయవచ్చును. పై అంచున నాడాలు కుట్టి తలయానుడు కడ్డీలకు ముడివేయవలెను. బెల్టు కొక్కెములు ఉన్నచోట బొంతకు పెద్ద కాజాలు తీయుట మఱవకుడు. కొక్కెము బొంత క్రింద దాగినచో ఎవరును వెదకి పెట్టుకొనరు. ఆ బద్ధకమునకు మూల్యము ఎంతో చెప్పనక్కఱలేదు. బెల్టులను మాత్రము బ్లీచింగు నీటితో ఉదుకరాదు. అది వాని పోగుల బలమును హరించును.

ముందు సీట్లకు మిగిలిన చీరతో కేవలము కూర్చుండు చోటికి, వీపునకు పొడుగు పట్టీ వలె కుట్టి, ప్రక్కలు పూర్తిగా విడిచితిమి. నడుపువారి సీటుకు మఱింత బిగువుగా ముడివేయవలెను. గుడ్డ జాఱి కాలి క్రింది పెడళ్ల వైపు పోరాదు. తలయానుడుకు చిన్న గలేబు. తలనూనె అంటుటకు ప్రధాన స్థానము అదే. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయ గృహిణులు కుర్చీ వీపులకు కుట్టిన చిన్న గుడ్డలకు ఆంటిమకాసరు అని పేరు; మగవారు పూసికొను మకాసరు నూనె నుండి కాపాడుటకు అవి పుట్టినవి. మన కచ్చేరీలలో అధికారుల కుర్చీలకు తెల్లని తువాళ్లు కప్పుట చూచినవారే గదా. మన యింట కొబ్బరినూనెయు, నలిగిన మల్లెలును చేయు మచ్చలకు నాలుగు గలేబులు కుట్టి మార్చుచుండుట మేలు. నూనె అప్పటికే బట్టకు దిగినచో ముఖమునకు పూసికొను టాల్కం పొడి గాని మొక్కజొన్న పిండి గాని చల్లి, కొన్ని గంటలు ఉంచి దులిపి, అటు తరువాతనే సబ్బు నీరు. శనగపిండి వలదు, దాని పసుపు చాయ మిగులును.

దారము, నాడాలు, ఎలాస్టిక్కు కలసి 120 రూపాయలైనవి. కుట్టు మాత్రము పదునొకండు మధ్యాహ్నములు పట్టినది. మా అత్తగారి కుట్టు చిన్నది, సమమైనది; మాది మూరకొక వంకర. ఆమె నా కుట్టును రెండు మాఱులు విప్పించిరి. మూడవసారి ఊరకుండిరి. ఆ కుట్టుచున్న దినములలో శ్రీశైలపు మాట ఎవరును ఎత్తలేదు. ఒకనాడు మాత్రము సూదికి దారమెక్కించుచు, "అత్తయ్యగారూ, ఆనాడు మేము ముందు సీటు వైపు చూచితిమి, మిమ్ము చూడవలసినది" అని అంటిమి. ఆమె దారము కొఱికి, "చూస్తారు మఱి, అప్పు చేసి కొన్నారు" అనిరి.

ఎండ సంగతి చెప్పెదమంటిమి. ఎదుటి అద్దమునకు మడతపెట్టు తెర చవుకగా దొరకును. అది లేకున్నను పాత తెల్ల దుప్పటి సీట్లపై పఱచుట మంచిది. ఎండకు బట్ట వెలియుటయే గాక లోని స్పాంజి కాలక్రమమున పొడియగును. అద్దములకు నల్లని పొరలు అతికించుదమని మా వారు తలచిరి. 1989 నాటి నిబంధనలు ఎదుటి, వెనుక అద్దములలో 70 శాతము, ప్రక్క అద్దములలో 50 శాతము వెలుతురు పోవలెనని చెప్పుచున్నవి. 2012లో సర్వోన్నత న్యాయస్థానము నల్లని పొరలు అతికించుటను నిషేధించినది. బడిపంతులు జరిమానా కట్టి వచ్చుట బాగుండదని ఆ ఆలోచన మానిపించితిమి. చెట్టు నీడ ఉత్తమము. వానకాలమున తడిసిన గొడుగులకు కాళ్ల కడ ఒక ప్లాస్టిక్ పళ్లెము ఉంచుడు.

కారులో కడుపు తిప్పెడివారిని ముందు సీటులో కూర్చుండబెట్టి దూరపు దారిని చూడుమనుట, బయలుదేఱు ముందు నూనె వంటకము పెట్టకుండుట, అద్దము కొంచెము దించుట మేలు. మూత గట్టిగా పడు ఒక డబ్బా, రెండు కాగితపు సంచులు, తడిగుడ్డ ముందే చేతికందునట్లు ఉంచినచో ఆ మనిషికి ధైర్యము కలుగును; ఆ ధైర్యము వలననే సగము వికారము తగ్గుట చూచితిమి.

మాఘమున గుంటూరు పోవు దినము వచ్చినది. మా వారు బండి వాకిటకు తెచ్చిరి. అత్తగారు చేతిసంచితో బయటికి వచ్చి, ముందు తలుపు తెఱచి, సీటుపై పఱచిన బొంతను చేతితో ఒకసారి సరిచేసి, నా వంకర కుట్టు ఉన్న మూలను లోనికి దోపి, కూర్చుండిరి. నరసరావుపేట దాటిన తరువాత ఆమె నిద్రపోయిరి. ఆ బొంత ఇప్పటికి మూడుసార్లు ఉదుకబడినది. చన్నీటిలో నానబెట్టి, నీడన ఆఱవేయుచున్నాము.